భూమి బేరములు - ఇంటర్నెట్టు చదువు

కోదాడ బస్సుస్టాండు చెంతనున్న ఏ హోటలులోనైనను ఒక అరగంట కూర్చుండి చూడుడు. పూర్వము నలుగురు కూడినచోట వడ్ల ధర, సాగరు ఎడమకాలువకు నీరు వదలు దినము, మిర్యాలగూడ మిల్లుల తూకము మాటలలోనికి వచ్చెడివి. నేడు నలుగురి చేతులలోను నాలుగు ఫోనులు. నాలుగింటిలోను ఒకటే బొమ్మ. పచ్చని పొలము, దానిమీద ఎగురు కెమెరా పట్టిన దృశ్యము, సున్నము కొట్టిన హద్దురాళ్లు, వెనుక వాద్యఘోష. నడుమ ఒక యువకుడు నిలిచి, విజయవాడ రహదారికి ఇంత దూరము, మూడేండ్లలో సొమ్ము రెట్టింపు, నేడే అడ్వాన్సు పంపుడు అని ఉపన్యసించుచుండును. ఆ పొలము అనంతగిరి మండలములోనిదో, మరి యెక్కడిదో చూచువానికి తెలియదు. అయినను టీ చల్లారకముందే ఆ ఫోనునుండియే పదివేలు పోవును.

దీనినే మనవారు ఇంటర్నెట్టులో రియలెస్టేటు నేర్చుకొనుట యనుచున్నారు. నేర్చుకొనుట యన్న మాట ఇంత చవుక యెప్పుడైనదో మాకు తెలియదు.

మేము యంత్రద్వేషులము గాము. ఫోను పారవేసి పాత పద్ధతికి మరలుడని చెప్పువారితో మాకు పొత్తు లేదు. ఆ పాత పద్ధతి యెట్టిదో ఈ జిల్లావారికి మేము చెప్పనక్కరలేదు. భూమి లెక్కలు పట్వారీ దస్తరములో ముడివేసి యుండెడివి. తన పొలము తన పేరనే యున్నదో లేదో చూచుకొనుటకు రైతు పట్వారీ యింటి అరుగు క్రింద చేతులు కట్టుకొని నిలువవలసి యుండెను. సూర్యాపేట తాలూకాలో యెర్రపహాడు దేశముఖు క్రింద లక్షన్నర యెకరముల భూమి యుండెనని చరిత్రకారులు వ్రాసిరి. అంత నేల ఒక్క చేతిలోనికి చేరుటకు కత్తి యొక్కటియే చాలలేదు, కలము కూడ పనిచేసినది. చదువురాని రైతు వేలిముద్రయే ఆనాటి రిజిస్ట్రేషను. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినది ఆ నేలకొరకే, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబాభావేకు 100 యెకరములు దానమిచ్చినదియు ఆ నేల గూర్చిన కలతలోనే. ఇట్టి జిల్లాలో భూమి కాగితము ప్రతివాని కంటికి కనబడు దినము వచ్చుట చిన్న విషయము గాదు. 1998లో రిజిస్ట్రేషను కచేరీలకు కంప్యూటర్లు వచ్చినవి. 2020 అక్టోబరు 29న ధరణి, దాని లోపములపై రైతులు గోల పెట్టిన మీదట 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చినవి. పట్వారీ ముడి విప్పబడినది. విప్పిన దస్తరమును చదువక, బజారులో పంచు రంగుకాగితము చదువువానిని గూర్చియే మా ఫిర్యాదు.

చదువు మాట వచ్చినది గనుక ఒక సంగతి జ్ఞాపకము చేయవలసి యున్నది. అనంతగిరి మండలమునకు ఆనుకొని యున్న నడిగూడెము నాటి మునగాల పరగణా జమీందారుల నివాసము. రాజా నాయని వెంకటరంగారావు గారును, వారి దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారును 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము స్థాపనలో ముందుండిరి. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలికి ప్రాణము పోసిరి. చరిత్రయు, ప్రకృతిశాస్త్రమును, అర్థశాస్త్రమును తెలుగున చదువుకొను భాగ్యము మనకట్లు కలిగినది. గ్రంథాలయమున బల్లచుట్టు కూర్చుండి నేడు ఈ పుటను చదువువారు ఆ వృక్షపు నీడనే యున్నారు. అయితే ఆ పరగణా రైతులే 1930 దశకమున వెట్టికిని, అక్రమ వసూళ్లకును ఎదురు తిరిగిన సంగతియు మరువరాదు. విద్యకు పోషకుడైన ప్రభువు క్రిందనే రైతు నలిగినాడు. విద్య ఊరిలోనికి వచ్చినంత మాత్రమున అది పొలము గట్టు దాక రాదు. దానిని అక్కడికి మోసికొని పోవువారు వేరుగా కావలెను. ఇంటర్నెట్టు విషయమును ఇంతే.

ఇక ఫోను గురువులు బోధించు లెక్క నొకమారు పరిశీలింతము. పదేండ్లలో పదిలక్షలు ఇరువదిలక్షలగునని ఒక ఉపాధ్యాయుడు కేకలు వేయును. వినుటకు ఘనముగా నున్నది. చక్రవడ్డీ లెక్క వేసిన, అది ఏటికి నూటికి ఏడు రూపాయలకు కొంచె మెక్కువ. ఒక మాదిరి బ్యాంకి డిపాజిట్టు ఇంచుమించుగా చేయు పనియే. ఇందులోనుండి కొనునప్పటి స్టాంపు రిజిస్ట్రేషను ఖర్చు తీసివేయుడు, అమ్మునప్పటి దళారి కమిషను తీసివేయుడు, ముళ్లకంచె వేయించిన కూలి తీసివేయుడు. డిపాజిట్టు కావలసిన దినమున చేతికి వచ్చును. ఊరి చివర ప్లాటు కొనువాడు దొరకిన దినముననే వచ్చును. ఈ చిన్న లెక్క చెప్పని చదువు చదువే గాదు, అది దండోరా.

మరియొక లెక్క గలదు. యెకరమునకు 40 గుంటలు, గుంటకు 121 గజములు, వెరసి 4,840 గజములు. ఉదాహరణకు ఒక రైతు యెకరము 40 లక్షల కమ్మెననుకొందము. గజమునకు అతనికి ముట్టినది 826 రూపాయలు. రోడ్లకును, ఖాళీ స్థలమునకును నూటికి నలుబది గజములు పోగా 2,904 గజములు మిగులును. దానిని గజము 5,000 చొప్పున ఫోనులో అమ్మిన ఒక కోటి 45 లక్షలు. మట్టి తోలుటకు, అనుమతులకు, ఆ వాద్యఘోషకు ఎంత ఖర్చు వ్రాసికొన్నను, ఈ రెండంకెల నడుమనున్న ఎడము ఎవరిది? కొనువానికి మోసము జరుగకుండ జాగ్రత్త చెప్పు ఉపన్యాసములు వందలుగా నున్నవి. అమ్ము రైతుకు తన నేల రేపు గజమునకెంత పలుకునో చెప్పిన ఉపన్యాసము మా దృష్టికి ఒక్కటియు రాలేదు. అతని చేతిలోనూ ఫోను గలదు గదా! బేరము కుదుర్చు దళారి చూచు ధరలనే అతడును చూడవచ్చును. అతని కొడుకు రాత్రులు చూచు క్రికెట్టు ఆటలో పదవవంతు కాలము చాలును. రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటులో కనబడునది స్టాంపు రుసుమునకై ప్రభుత్వము కట్టిన విలువ మాత్రమే, అది బజారు ధర గాదు. దానిని చూపి "సర్కారు ధరకన్న ఎక్కువే యిచ్చుచున్నాము గదా" యని రైతును ఒప్పించుట దళారులకు పాతబడిన విద్య.

కొనువారి సంగతికి వత్తము. ఆ ఫోనులోనే వారికి కావలసిన సత్యము సగము దాక ఉచితముగా దొరకును. వ్యవసాయ భూమి యెవరి పేరనున్నదో భూభారతిలో చూడవచ్చును. 1983 నుండి రిజిస్టరైన క్రయవిక్రయములు, తాకట్టులు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టులో కనబడును. ప్రభుత్వ భూములు, దేవాదాయ వక్ఫు భూములు, పేదలకిచ్చిన అసైన్డు భూములు 22-ఏ నిషిద్ధ జాబితాలో నుండును. అసైన్డు భూమి యమ్మకము 1977 చట్టము ప్రకారము చెల్లదు. కోర్టులో దావా యున్నదో లేదో వాది ప్రతివాదుల పేర్లతో ఈకోర్ట్సులో వెదకవచ్చును. ఇస్రోవారు 2009లో నెలకొల్పిన భువన్‌లోనో, గూగులువారి పటములలోనో పాత సంవత్సరముల ఛాయాచిత్రములు చూచిన, నేడు ప్లాట్లుగా మెరయు స్థలము పదిహేనేండ్ల క్రిందట కుంటయా, వాగా, గుట్టయా తెలిసిపోవును. ఇవి చూచుటకు రెండు గంటలు పట్టును. రెండు నిమిషముల చలనచిత్రము చూచి పదిలక్షలు పంపువానికి ఆ రెండు గంటలు దొరకకపోవుట మాకు వింతగా నున్నది. వంకాయలు కొనునప్పుడు గంపంతయు తిరుగవేయు జాతి గదా మనది!

2024 సెప్టెంబరు మొదటి తేదీనాటి వాన నెవరు మరతురు? కోదాడ వీధులు కాలువలైనవి, కార్లు కొట్టుకొనిపోయినవి, ప్రాణములు పోయినవి. నడిగూడెము మండలములో కాగితరామచంద్రాపురము వద్ద సాగరు ఎడమకాలువకు గండిపడి పొలములు ఇసుకమేటలైనవి. నాలాలపై కట్టిన కట్టడముల సంగతి అప్పుడు అందరును మాటాడిరి. ఆ మరుసటి వేసవిలోనే నేల యెండిన పిమ్మట ఎగురు కెమెరాలు తిరిగి వచ్చినవి. వేసవిలో తీసిన బొమ్మ వానాకాలపు నీటిదారిని చూపదు. అది చెప్పగలవాడు ఆ ఊరి నీరటికాడు, లేదా పశువులు కాయు ముసలివాడు. వానికి యూట్యూబు లేదు.

సగమే దొరకునని యేల అంటిమన, కాగితమునకు కొన్ని గుడ్డికన్నులున్నవి. మన దేశములో రిజిస్టరు చేయబడునది దస్తావేజు. హక్కునకు సర్కారు జామీను లేదు. దక్షిణ ఆస్ట్రేలియాలో టారెన్సు 1858లోనే హక్కునకు ప్రభుత్వమే పూచీపడు పద్ధతిని తెచ్చెను. మనకది యింకను రాలేదు. కావున ఎన్‌కంబరెన్సులో ఏమియు లేదనుట చిక్కులేమియు లేవనుట గాదు. అన్నదమ్ముల నోటి పంపకము అందులో కనబడదు. తెల్లకాగితముపై వ్రాసికొన్న సాదాబైనామా కనబడదు. కౌలుదారు కనబడడు. ఆడపడుచు వాటా కనబడదు. కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమభాగమును మన రాష్ట్ర శాసనము 1986లోనే యిచ్చినది, దేశమంతటికి 2005లో వచ్చినది. అయినను చెల్లెలి సంతకము లేకయే అన్న అమ్మిన ప్లాట్లెన్నియో నేడు కోర్టుల చుట్టు తిరుగుచున్నవి. వట్టి జనరల్ పవరాఫ్ అటార్నీతో ఇల్లు జాగాలు చేతులు మారుట హక్కు నీయజాలదని సుప్రీముకోర్టు 2011లో స్పష్టముగా చెప్పినది. అమెరికాలోనుండి వాట్సాపులో బేరము చేసి, బంధువు పేర పవరు వ్రాసి, పదేండ్లకు వచ్చి తన ప్లాటులో మరియొకని గోడను చూచు మన సోదరులు ఈ తీర్పును ఒకమారు చదువుదురు గాక.

హైదరాబాదు ఉపాధ్యాయుల బోధలో మరియొక లోపము గలదు. తెలంగాణమున ఎచ్చట భూమి కొన్నను 1954-55 నాటి ఖాస్రాపహాణీ చూడుడని వారు చెప్పుదురు. మంచి మాటయే. గాని మునగాల పరగణా ఆనాటికి హైదరాబాదు రాష్ట్రములో లేదు. నైజాము ఊళ్ల నడుమ చిక్కిన కృష్ణాజిల్లా ద్వీపమది, ఆ తరువాతనే నల్లగొండలో కలిసినది. కావున ఆ గ్రామములకు మూలపత్రముల వరుస వేరు, జమీందారీ రద్దు చట్టము నుండి లెక్క వేరు. కోదాడవైపు ఊరికి చెల్లు సూత్రము కూతవేటు దూరమున నడిగూడెమువైపు ఊరికి చెల్లదు. ఈ సంగతి ఫోను చెప్పదు. తహసీలుకచేరీలో తల నెరసిన ఉద్యోగి యెవడైన నుండిన చెప్పును.

చట్టము లేక కాదు. 2016 నాటి రియలెస్టేటు నియంత్రణ చట్టము ప్రకారము 500 చదరపు మీటర్లు మించిన లేఅవుటును గాని, ఎనిమిది మించిన ఫ్లాట్లను గాని రెరాలో నమోదు చేయక అమ్మరాదు, ప్రకటింపనే రాదు. ప్రకటనపై రెరా నంబరు కనబడవలెను. దళారియు నమోదు కావలెను. కరారునామా వ్రాయక నూటికి పదికి మించి అడ్వాన్సు తీసికొనరాదు. కొనువారి సొమ్ములో నూటికి 70 వంతులు వేరు ఖాతాలో నుండవలెను. నమోదు లేక అమ్మిన, ప్రాజెక్టు ఖర్చులో నూటికి పదివంతుల దాక జరిమానా. ఇంత చట్టముండగా ప్రీలాంచి యను పేర, ఫారము ప్లాటను పేర, బైబ్యాకు గ్యారంటీ యను పేర ఫోనులలో అమ్మకము సాగుచునేయున్నది. ఏలనన కొనువాడు నంబరడుగడు. ఆ నంబరును రెరా వెబ్‌సైటులో వెదకుటకు ఒక్క నిమిషము చాలును.

అనుమతి లేని ప్లాట్ల క్రమబద్ధీకరణమునకు 2020లో ఈ రాష్ట్రమున వచ్చిన దరఖాస్తులు 25 లక్షలకు పైమాట. ఆ కుప్పలో ప్రతి కాగితము వెనుకను పొదుపు చేసి, నగలమ్మి, అనుమతి మాట అడుగకయే కొన్న ఒక సంసారము గలదు. ప్లాట్ల ఆశ చూపి డిపాజిట్లు పోగుచేసిన అగ్రిగోల్డు కథలో 30 లక్షలకు మించిన జనులు చిక్కిరి. అప్పుడు ఊరూర ఏజెంట్లు కాళ్లరిగి తిరుగవలసి వచ్చెను. నేడు ఒక్క చలనచిత్రము ఆ పని ఒక్క రాత్రిలో చేయును.

మాకు ఎదురు చెప్పువారు గలరు. "చిన్న ఉద్యోగికి, పిల్లల పెండ్లికై కూడబెట్టు గుమాస్తాకు ఇంతకన్న మార్గమేమి? పెద్దవారు వందల యెకరములు కొనినప్పుడు మాటాడని మీరు మా నూరు గజములకు అడ్డు వత్తురా?" యని వారి ప్రశ్న. ఈ ప్రశ్నలో న్యాయము గలదు. ఇల్లు కట్టుకొనుటకు నూరు గజములు కొనువానిని మేమేల నిందింతుము? కట్టుటకు గాక, సాగుచేయుటకు గాక, మరియొకనికి ఎక్కువ ధరకు అంటగట్టుటకే కొనుట వేరు. అట్టివాని రాళ్ల నడుమ తుమ్మచెట్లు మొలచుచున్నవి. సాగరు నీరు పారిన మాగాణి, 1967 నుండి రెండు పంటలకు మరిగిన నేల, అక్కడ నేడు పంటయు లేదు, ఇల్లును లేదు. కౌలుకు దున్నువాడు ముందుగా పోవును. అతని పేరు ఏ కాగితములోను లేదు గనుక అతనికి నోటీసు కూడ అక్కరలేదు. పహాణీలో అనుభవదారు గడి యొకటి యుండెడిది. ధరణి దానిని చెరిపివేసెను. భూభారతి దానిని తిరిగి తెచ్చినందుకు సంతోషమే. గాని గడి యున్నంతలో చాలదు, దానిని నింపవలెను. లక్షల కొలది సాదాబైనామా దరఖాస్తులు 2020 నుండి న్యాయస్థానపు ఉత్తర్వుతో ఆగి, 2025లో మరల కదలినవి. అవి తేలకముందే ఆ సర్వే నంబర్లలో ప్లాట్లు అమ్ముడుపోయిన, ఎవరి కాగితము ఎవరిని గెలుచును?

ప్రభుత్వమువారికి మా విన్నపము దీర్ఘమైనది గాదు. భూధార్ సంఖ్య లిత్తుమనిరి, ప్రతి హక్కుమార్పిడికి సర్వే పటము జతపరతుమనిరి. మాకు పొరుగైన నేలకొండపల్లితో కూడ నాలుగు మండలములలో భూభారతిని మొదట పరీక్షించిరి. ఆ పరీక్షలో తేలినదేమో గ్రామసభలో చదివి వినిపింపుడు. అనంతగిరి మండలములో ప్రతి గ్రామపు నక్ష, ఆ గ్రామపు నిషిద్ధ సర్వే నంబర్లు, రెరా నమోదు పొందిన లేఅవుట్ల పేర్లు పెద్ద అక్షరములతో పంచాయతీ గోడపై తెలుగున వ్రాయింపుడు. వెబ్‌సైటులో నున్నదనుట జవాబు గాదు. సర్వరు పనిచేయని దినమును, ఓటీపీ రాని ముసలమ్మను మేము చూచియున్నాము.

గ్రంథాలయముల నిర్వాహకులకును ఒక మాట. సాయంకాలము పత్రికలు చదివిన పిమ్మట బల్లపైన ఒక కంప్యూటరు పెట్టి, వారమున కొకనాడు ఎన్‌కంబరెన్సు ఎట్లు తీయవలెనో, నిషిద్ధ జాబితా ఎట్లు వెదకవలెనో, రెరా నంబరు ఎట్లు సరిచూడవలెనో చదువుకొన్న కుర్రవాడెవడైన ఊరివారికి చూపనిండు. రుసుము లేదు, కమిషను లేదు. కోదాడలో ఈ పని ముందుగా ఎవరు మొదలిడుదురో తెలిపిన, ఆ దినమును, వేళను ఈ పుటలోనే ప్రకటింతుము.